దుప్పటికో మాట

నేను చేసిన తప్పు ముందే ఒప్పేసుకుంటాను. చివర్లో మీరు పట్టుకుని తిట్టేకంటే అదే మర్యాద. ఒకావిడ ఇంగ్లీషు మాటలకు అర్థాలు అడిగితే చెప్పాను. అన్నీ సరైన అర్థాలే, ఒక్కటీ పొల్లు పోలేదు. ఆ సరైన అర్థాలే ఆవిడ కొంప ముంచాయి.

ఈ కథలో నేనూ ఉన్నాను. కానీ 'నేను' అని రాసుకుంటూ పోతే మధ్యలో ఎక్కడో నన్ను నేను వెనకేసుకొస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకని ఇక్కడి నుంచి నా పేరు కోతి. పిన్ని పెట్టిన పేరే, కొత్తగా పోయే పరువేం లేదు.

పిన్ని అంటే కోతికి సొంత పిన్ని కాదు. హోటల్ లాండ్రీలో పనిచేసే పద్దెనిమిది మందికీ ఆవిడ పిన్నే. యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి. మోచేతుల దాకా ఇస్త్రీ మిషను వాతలు. ఎవరైనా జాలిపడి మందు రాసుకోమంటే, "ఇవి నా గాజులు" అనేది.

నూట పది గదుల హోటలది. పైన పడుకున్నవాళ్ళ దుప్పట్లన్నీ పొద్దున్నే ఒక పెద్ద గొట్టంలోంచి సెల్లార్‌లోకి దబదబా జారిపడతాయి. ఉతికి, పిండి, రోలర్ ఇస్త్రీ మిషనుకు ఈ పక్క అందిస్తే ఆ పక్క నుంచి పొగలు కక్కుతూ బయటికొస్తాయి. అక్కడ మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు మూలలూ పట్టుకుని ఎదురెదురుగా నిలబడి, ఒక్క విదిలింపు విదిలించి, నాలుగడుగులు ముందుకొచ్చి మూలకు మూల ఆనించి, మళ్ళీ వెనక్కి పోవాలి. మిషను రొదలో గొంతు చించుకున్నా వినబడదు. మూలలు కలిసినప్పుడు ముఖాలు జానెడు దూరంలోకి వస్తాయి చూడండి, అప్పుడే ఒక మాట చెప్పుకునే వీలు. అందుకే అక్కడ కబుర్లన్నీ వాయిదాల మీద నడుస్తాయి. "మా ఆడపడుచు" అని ఒక దుప్పటికి, "దిగింది" అని రెండో దుప్పటికి, "ఎప్పుడు కదుల్తుందో" అని మూడోదానికి.

పిన్నికి జోడీ కోతి. ఏడేళ్ళుగా పిన్ని చెప్పే ఊసులన్నీ ఆ రకంగా ముక్కలు ముక్కలుగా విన్నవాడు వాడే.

పిన్ని మొగుణ్ణి అందరూ బాబాయ్ అనేవాళ్ళు. అదే హోటల్లో లిఫ్టు నడిపేవాడు. నీలం కోటు, నీలం టోపీ, లిఫ్టులో మూలన చిన్న స్టూలు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన ఆ భవనంలో పైకీ కిందకీ తిరిగాడు, పెళ్ళాం ఉన్న చోటికి తప్ప. అతిథుల లిఫ్టు ఎనిమిదో అంతస్తు దాకా పోయేది గానీ సెల్లార్‌కి దిగేది కాదు. లాండ్రీవాళ్ళు వెనక మెట్లెక్కాలి. పిన్ని ఆ లిఫ్టు లోపల ఎలా ఉంటుందో కూడా చూడలేదు.

ఆ లిఫ్టులో పొద్దస్తమానం ఇంగ్లీషు పాటలొచ్చేవి. రిసెప్షన్ వెనక గదిలో ఒక పాత టేపు మిషను, నాలుగు టేపులు. ఏ గంటకు ఏ టేపు పెట్టాలో పాత మేనేజరు గోడమీద రాయించాడు. ఆయన పోయినా గోడ పోలేదు, టేపులూ మారలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు అవే పాటలు విని విని బాబాయ్‌కి అన్నీ నోటికొచ్చేశాయి. గొంతు తేనె. లిఫ్టులోకి వచ్చిన దొరలు ఆయన కూనిరాగం విని ఇంగ్లీషు బాగా వచ్చనుకుని మాటలు కలిపేవాళ్ళు. 'గుడ్ మార్నింగ్ సర్', 'విచ్ ఫ్లోర్ సర్' దాటితే ఆయన దగ్గర నవ్వు తప్ప సరుకు లేదు.

సాయంత్రం నాలుగింటికి ఇద్దరికీ డ్యూటీ అయిపోయేది. వెనక గేటు దగ్గర ఆయన నిలబడి ఉండేవాడు. అక్కణ్ణుంచి సైకిల్ షాపు మీదున్న ఒంటిగది ఇంటికి ఇరవై నిమిషాల నడక. పిల్లాజెల్లా లేరు. దారి పొడుగునా ఆయన పాడటం, ఈవిడ సాధించటం.

"అర్థం తెలీని పాట అలా ఎలా పాడతావయ్యా, సిగ్గనిపించదూ" అని ఒకరోజు అడిగిందట.

"అర్థంతో నాకేం పనే. ఏ పాట ఎప్పుడొస్తుందో తెలుసు. చాలదా?" అన్నాడట.

ఈ మాట పిన్ని కోతికి చెప్పింది, నాలుగు దుప్పట్ల మీద. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇద్దరూ మర్చిపోయారు.

కోతి చదువు ఎనిమిదో తరగతితో అటకెక్కింది. ఇంగ్లీషు మాత్రం సొంతంగా పట్టుకున్నాడు, పాటల్లోంచి. ఫుట్‌పాత్ మీద అమ్మే పాటల పుస్తకాలు కొని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక లావుపాటి నోట్‌బుక్ నిండా అర్థాలు రాసుకున్నాడు. ఆ విద్యతో వాడు చేసిన ఘనకార్యం ఒకటుంది. ఒకసారి పిన్నికి సెలవు కావాల్సి వచ్చింది. ఇంగ్లీషులో అడిగితే లాండ్రీ మేనేజరు కాదనడని చెప్పి, ఒంట్లో బాగాలేదనటానికి 'మై హార్ట్ ఈజ్ యువర్స్ సర్' అనాలని నేర్పాడు. పిన్ని వెళ్ళి గంభీరంగా ఆ ముక్క అప్పజెప్పింది. జన్మలో నవ్వి ఎరగని మేనేజరు చెవుల దాకా ఎర్రబడి, ఒక రోజు అడిగితే రెండు రోజులిచ్చాడు. అసలు అర్థం తెలిశాక పిన్ని పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు కోతి యూనిఫాంకి మూడింతల గంజి పట్టింది. రోజంతా వాడు కూర్చున్నా ప్యాంటు కూర్చోలేదు.

ఆ నవ్వులు అక్కడితో సరి.

ఒక పొద్దున బాబాయ్ ఐదో అంతస్తులో ఎవరినో దింపి, స్టూలు మీద కూర్చుని, మళ్ళీ లేవలేదు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒక్కసారే పోయాయి. ఆసుపత్రిలో వేశారు. ఇరవై మంచాల వార్డు. కిటికీ పక్క మంచం దొరకడమే అదృష్టం అన్నారు. పిన్ని నాలుగింటికి డ్యూటీ దిగి పరిగెత్తుకెళ్ళేది. ఆరింటికి గంట కొట్టి అందర్నీ బయటికి పంపేవాళ్ళు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచింది లేదు, "ఇదిగో" అనేవాడు. ఆ 'ఇదిగో' కూడా పోయింది. నోరు తెరిచేవాడు, గాలి వచ్చేది.

తొమ్మిదో రోజు నోరు తెరిస్తే పాట వచ్చింది. ఇంగ్లీషు పాట. మాటలు కాస్త ముద్దముద్దగా ఉన్నా రాగం ఎక్కడా తొణకలేదు. వార్డులో అందరూ లేచి కూర్చున్నారు. పిన్ని మాత్రం గోడ పట్టుకుని నిలబడింది.

డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. తలలో మాటలుండే గది వేరు, పాటలుండే గది వేరు. మాటల గది కూలిపోయింది, పాటల గది మిగిలింది. కొందరికి అలా జరుగుతుంది.

"అయితే బాబూ, ఆయన నాతో ఏదన్నా చెబుతున్నట్టా? లేకపోతే ఊరికే వస్తోందా?"

"అది చెప్పలేనమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ రాత్రి పిన్ని ఏం ఆలోచించిందో గానీ, మర్నాడు మొదటి దుప్పటి మూలలు కలవగానే కోతితో అంది, "ఇంగ్లీషు నేర్పు."

రెండో దుప్పటికి, "ఆయన పాటల్లోది."

మూడో దుప్పటికి, "ఈసారి వేషాలేశావంటే గంజి కాదు, నిన్నే రోలర్లో పెడతా."

కోతి వేషాలెయ్యలేదు. వెయ్యాల్సింది, ఇప్పుడనిపిస్తుంది.

పద్ధతి ఇలా సాగింది. సాయంత్రం ఆయన పాడింది పిన్ని చెవినేసుకుని వచ్చేది. పొద్దున పనిలోకి దిగే ముందు మెట్ల దగ్గర ఆ శబ్దాలు అలాగే పాడి వినిపించేది. పిన్ని గొంతు మిషను కంటే కాస్త నయం. కోతి తన నోట్‌బుక్ తిరగేసి ఆ పాట పట్టుకునేవాడు. తర్వాత దుప్పటికో మాట. మూలలు కలవగానే వాడు 'రివర్' అంటే, వెనక్కి నడుస్తూ పిన్ని పెదాలతో 'రివర్' అనుకునేది. మళ్ళీ కలిసినప్పుడు 'ఏరు' అని వాడు అర్థం చెప్పేవాడు. దిండుగలీబులకి మాటలుండవు, అవి ఒక్కరే మడతపెట్టేవి. చిరిగి పక్కన పడేసిన ఒక గలీబు తీసుకుని, బట్టలకు గుర్తులు వేసే నల్ల ఇంకుతో పిన్ని ఆ మాటలన్నీ మన అక్షరాల్లో రాసుకుంది. ఉతికినా పోని ఇంకు అది. ఐదు వారాల్లో ఆ గలీబు రెండు పక్కలా నిండిపోయింది. నూట ముప్పై మాటలు. సాయంత్రం ఆయన పాడుతుంటే దాన్ని ఒళ్ళో పరుచుకుని వేలితో వెతుక్కునేది, పరీక్షకి కూర్చున్న పిల్లలాగా.

మొదట్లో కలిసొచ్చినట్టే ఉంది. ఆయన ఏటి పాట పాడాడు, ఈవిడ నీళ్ళందించింది, గటగటా తాగాడు. మర్నాడు లాండ్రీలో పిన్ని ముఖం వెలిగిపోయింది. "అడుగుతున్నాడ్రా, పాటతో అడుగుతున్నాడు" అని రెండు దుప్పట్లు ఖర్చు చేసి చెప్పింది. దాహంగా ఉన్నవాడికి నీళ్ళిస్తే ఎందుకు తాగడు అని అప్పుడు కోతికి తట్టలేదు. తట్టినా అననిచ్చేది కాదు.

తర్వాత మంచు పాట. 'స్నో' అంటే మంచు అని గలీబు మీద ఉంది. చలేస్తోందేమోనని పిన్ని కంబళి కప్పింది. ఎండాకాలం, వార్డులో ఫాన్లు వేడిగాలి తిప్పుతున్నాయి. ఆయన మంచి చేత్తో కంబళి కిందికి తోసి మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాడు. ఇంకో కంబళి అడిగి తెచ్చి కప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మనిషి తిక్క ఎక్కడికి పోతుంది, ముందు నుంచీ అంతే కదా అని సరిపెట్టుకుంది.

ఆ తర్వాతే ఓడ పాట మొదలైంది.

ఆరు కొడతారనగా, పిన్ని సంచీ సర్దుకుని లేవబోతుంటే ఎత్తుకునేవాడు. పాడుతూ పాడుతూ ఎడమ చెయ్యి నెత్తి దాకా ఎత్తి, మెల్లగా చంక దగ్గరికి దించేవాడు. ప్రతిసారీ అదే. తల నొప్పేమోనని పిన్ని నుదురు నొక్కేది. ఆయన విదిలించుకుని మళ్ళీ చెయ్యి ఎత్తేవాడు.

కోతికి ఆ పాట దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఓడెక్కి పోతున్నవాడు రేవులో నిలబడ్డ ఆడమనిషితో చెప్పే పాట. 'హార్బర్' అంటే రేవు. 'టియర్స్' అంటే కన్నీళ్ళు. 'డోంట్ వెయిట్' అంటే ఎదురుచూడకు. 'ఫేర్‌వెల్' దగ్గరికొచ్చేసరికి కోతి ఆగిపోయాడు. మూలలు కలిసే ఉన్నాయి, వెనక్కి నడవటం మర్చిపోయాడు. వెనక దుప్పట్లు మిషను మీద కుప్ప పడుతున్నాయి.

"చెప్పు. ఏంటి దానర్థం?" అంది పిన్ని.

"వీడ్కోలు" అన్నాడు కోతి. అక్కడితో నోరు మూసుకుంటే ఈ కథే లేదు. తెలివి ఎక్కువై ఇంకో మాట కలిపాడు. "బాబాయ్ నీ దగ్గర సెలవు తీసుకుంటున్నాడు పిన్నీ. ఆ చెయ్యెత్తటం కూడా, సలాం అన్నమాట."

ఆ రోజు మిగిలిన దుప్పట్లన్నిటికీ మాటల్లేవు.

అదే వారంలో డాక్టరు పిలిచాడు. ఇక్కడ చేయాల్సింది చేశాం, కావాలంటే ఇంటికి తీసుకెళ్ళచ్చు, మందులు అక్కడైనా వేయచ్చు, ఇంకోసారి పక్షవాతం వస్తే మాత్రం ఇక్కడున్నా అక్కడున్నా చెప్పలేం, ఎటూ మీ ఇష్టమే అన్నాడు. సైకిల్ షాపువాడు నలుగుర్ని పిలిచి కుర్చీతో సహా మెట్లెక్కిస్తానన్నాడు. ఇంట్లో కిటికీ దగ్గర ఆయన కూర్చునే చోటు కూడా పిన్ని తుడిచి పెట్టింది అంతకుముందే. కానీ ఇప్పుడామెకు భయం పట్టుకుంది. సెలవు తీసుకుంటున్న మనిషిని చేజేతులా ఇంటికి తీసుకుపోతే, ఆ ఒంటిగదిలో ఏదన్నా అయితే, తనే పంపించేసినట్టు కాదా? డాక్టరు కాళ్ళావేళ్ళా పడి మంచం ఉంచమని బతిమాలింది. ఆయన ఉంచాడు. ఇరవై రెండు రోజులు.

పాట ఆగలేదు. రోజూ ఆరింటికి ముందు అదే ఓడ, అదే రేవు, అదే చెయ్యి. పిన్ని కోతి దగ్గర ఆ పాటలో చివరి చరణం కూడా నేర్చుకుంది. అందులో ఆడమనిషి జవాబు చెబుతుంది, నేను నిన్ను వదలనని. పదకొండు మాటలు, పదకొండు దుప్పట్లు. ఒక సాయంత్రం ఆయన పాడుతుంటే ఈవిడ అందుకుని ఆ చరణం పాడింది. జీవితంలో మొదటిసారి మొగుడితో కలిసి పాడటం. వార్డంతా వింటోంది, సిగ్గుపడలేదు.

బాబాయ్ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. అంత నవ్వు మంచాన పడ్డ దగ్గర్నుంచీ చూడలేదు. దుప్పటి తోసేశాడు. ఎడమ కాలు మంచం మీంచి దింపి, పాదంతో నేలమీద అటూ ఇటూ తడిమాడు, చెప్పుల కోసం. పడతాడేమోనని పిన్ని ముందుకురికింది. భుజాలు పట్టి వెనక్కి పడుకోబెట్టి, కాలు పైకెత్తి, దుప్పటి కప్పింది. తను వచ్చేశాక దుప్పటి జారిపోకుండా అంచులు పరుపు కిందికి గట్టిగా దోపింది, లాండ్రీ చెయ్యి కదా. గంట కొట్టారు. వచ్చేసింది.

ఆ తర్వాత ఆయన పాడలేదు. పాటల గదికి కూడా తాళం పడిందన్నాడు డాక్టరు. తొమ్మిది రోజుల తర్వాత, పొద్దున పదింటప్పుడు లాండ్రీకి ఫోనొచ్చింది. పిన్ని చేతిలో దుప్పటి మూలలున్నాయి. మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, అప్పుడు వెళ్ళింది.

మళ్ళీ పనిలోకొచ్చిన వారానికి, బాబాయ్ సామాను తీసుకెళ్ళమని పైనుంచి కబురొచ్చింది. ఒక దువ్వెన, ఒక చేతిరుమాలు, నీలం టోపీ. ఎనిమిదో అంతస్తులో బీరువాలో ఉన్నాయి. కొత్త లిఫ్టు మనిషి నలభై ఏళ్ళవాడు, బాబాయ్ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆమె మెట్లెక్కబోతుంటే ఆపాడు.

"రండమ్మా. ఎవరూ లేరు. ఎక్కండి."

అలా పిన్ని మొదటిసారి ఆ లిఫ్టెక్కింది. ఇత్తడి కడ్డీ, మూలన స్టూలు, పైన చిన్న జల్లెడలాంటి దాంట్లోంచి సన్నగా పాట. టోపీ చేతపట్టుకుని తిరిగి దిగుతుండగా ఆ పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. ఓడ పాట.

లిఫ్టు మనిషి వెంటనే ఎడమ చెయ్యి ఎత్తి, తలమీది టోపీ తీసి, చంకలో పెట్టుకున్నాడు.

"నాలుగైందమ్మా" అన్నాడు. "మీ ఆయన నేర్పిందే. నాకు వాచీ ఉండేది కాదు. వాచీ ఎందుకయ్యా అన్నాడు. ఏటి పాటొస్తే ఎనిమిది, అతిథులు ఎగబడతారు, లేచి నిలబడు. మంచు పాటొస్తే పది, నీ టీ వస్తుంది. ఈ ఓడ పాటొచ్చిందా, టోపీ తీసెయ్, మా ఆవిడ గేటు దగ్గరికి వచ్చేస్తుంది, ఇంటికెళ్ళాలి. అలా చెప్పేవాడు."

లిఫ్టు కిందికొచ్చి ఆగాక కూడా పిన్ని బయటికి రాలేదట. ఆ మనిషే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడట.

ఇదంతా పిన్ని కోతికి మర్నాడు చెప్పింది, పంతొమ్మిది దుప్పట్ల మీద. ఏడవలేదు. ఒక్కో మాట ఆ వేడి బట్ట మూలలతో పాటు వాడి చేతుల్లో పెట్టి వెనక్కి వెళ్ళింది. 'టీ అడిగితే' అని ఒకటి. 'కంబళి కప్పాను' అని ఒకటి. 'చెప్పులు వెతుక్కున్నాడు' అన్నప్పుడు మాత్రం మూలలు వదలటం ఒక క్షణం ఆలస్యమైంది.

ఆ వారమంతా కోతి తిండి సరిగ్గా తినలేదు. నోట్‌బుక్ అటకమీద పారేశాడు. నాలుగో రోజు చూస్తే, మిషను అంచు మీద నూనె మరకలు తుడిచే గుడ్డ కొత్తగా కనిపించింది. ఎత్తి చూశాడు. గలీబు. నూనెలో నానినా 'హార్బర్' నల్లగా కనబడుతూనే ఉంది.

ఆ రోజు సాయంత్రం చివరి దుప్పటికి, నాలుగు కావస్తుండగా, కోతి మూలలు కలిపి పట్టుకుని వదల్లేదు. చెప్పాలనుకున్నది ముందే కూడబలుక్కుని వచ్చాడు. తప్పు తనదేనని, తను చెప్పిన అర్థాల వల్లే ఇదంతా జరిగిందని, ఇంక జన్మలో ఎవరికీ ఏ పాటకీ అర్థం చెప్పనని, ఒకే దుప్పటికి అన్నీ గబగబా అనేశాడు. ముక్కు కారుతోంది, తుడుచుకోవటానికి చేతులు ఖాళీ లేవు.

పిన్ని వాడి ముఖంలోకి చూసింది. మిషను ఆపేశారు అప్పుడే. ఏడేళ్ళలో మొదటిసారి ఆ గదిలో మామూలు గొంతుతో మాట్లాడితే వినబడింది.

"నేను నిన్ను పాటకి అర్థం అడిగాను, చెప్పావు. మా ఆయనకి అర్థం నిన్నెవడు చెప్పమన్నాడురా? ముప్పై ఏళ్ళు కాపరం చేసిన నాకే తెలీలేదు, నీకేం తెలుసని ఏడుస్తున్నావు? మూలలు వదులు, కోతీ. దుప్పటి తడిసిందంటే మళ్ళీ మిషనెక్కించాలి."